కణమును వీడిన గ్రాహకములు

2021 వేసవిలో కోవిడ్ రెండవ ఉద్ధృతి హైదరాబాదును ముంచెత్తినపుడు దోమలగూడ, చిక్కడపల్లి వీధులలో సైతము ‘టోసిలిజుమాబ్’ అను మందు పేరు వినవచ్చినది. విదేశమునుండి రావలసిన మందగుటచే అది దొరకుట దుర్లభమైనది. ఆ సంవత్సరము సెప్టెంబరులో, హైదరాబాదునకు చెందిన హెటిరో సంస్థ జడ్చర్లలో తయారుచేయు ఇట్టి మందునకు కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అత్యవసర వినియోగమునకై అనుమతి నిచ్చెను.

ఈ మందు వైరసును చంపదు. అది పట్టుకొనునది రోగి శరీరములోని ఒక గ్రాహకమును. ఆ గ్రాహకము కణములపైననే కాక, వానినుండి విడివడి రక్తములో కూడ తిరుగుచుండుట ఇందలి విశేషము.

రక్షణవ్యవస్థకు చెందిన కణములు కొన్ని మాంసకృత్తుల ద్వారా ఒకదానికొకటి వార్తలు పంపుకొనును. అట్టి వార్తాహరులలో ఇంటర్‌ల్యూకిన్-6 ఒకటి. వార్తను అందుకొనుటకు కణపు పొరపై నిలిచియుండు మాంసకృత్తే గ్రాహకము. చెరువులోని తామరను తలచుకొన్నచో దీని నిర్మాణము బోధపడును. తామర దుంప బురదలో, కాడ నీటిలో, పువ్వు నీటిపైన ఉండును. అటులనే గ్రాహకపు మొదలు కణము లోపల, నడుమ భాగము పొరలో, తల వెలుపల ఉండును. వార్తను పట్టునది తల. కాడను నీటి మట్టమున కోసినచో పువ్వు తేలిపోవును గదా! ఆడమ్-17 అను ఎంజైము కణపు పొరపై సరిగా ఇట్టి కత్తెరపనియే చేయును.

కోత యొక్కటే మార్గము కాదు. కొన్ని కణములు గ్రాహకమును నిర్మించుటకు ముందే, ఆర్.ఎన్.ఏ. సందేశమునుండి పొరలో నాటుకొను భాగమును తొలగించి, తలను మాత్రమే తయారుచేసి వెలుపలికి పంపును. కణము విడుచు అతిసూక్ష్మమైన బుడగలపై ఎక్కిపోవు గ్రాహకములును కలవు.

ఇదంతయు రోగలక్షణమని భావింపరాదు. ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు 1989లో ఆరోగ్యవంతుల మూత్రమునందే ఈ గ్రాహకమును కనుగొన్నట్లు ప్రకటించిరి.

తెగిన గ్రాహకము చేయు పని యేమి? వార్తను దారిలోనే పట్టివేసి కణమునకు చేరనీయదని ఎవరికైనను మొదట తోచును. ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ అను వార్తాహరుని విషయమున ఇది చాలవరకు నిజము. దాని గ్రాహకములలో ఒకదాని జన్యులోపము వలన జ్వరము మరల మరల వచ్చు కుటుంబములున్నట్లు 1999లో తెలిసినది. వారిలో కొందరికి గ్రాహకము కణమునుండి సరిగా తెగదు. విడి గ్రాహకమునే మందుగా మలచుటయు జరిగినది. కీళ్లవాతమునకు 1998లో అమెరికాలో ఆమోదము పొందిన ఎటానర్సెప్ట్ అట్టిదే.

ఇంటర్‌ల్యూకిన్-6 కథ ఇందుకు విరుద్ధము. దాని గ్రాహకము కాలేయకణములపైన, కొన్ని తెల్లకణములపైన, మరి కొలది కణములపైన మాత్రమే ఉండును. తక్కిన కణములు ఆ వార్తకు చెవిటివి. కాని వార్తను కణములోనికి చేర్చు జి.పి.130 అను తోడు మాంసకృత్తు ఇంచుమించు అన్ని కణములపైనను కలదు. తెగిన గ్రాహకము ఇంటర్‌ల్యూకిన్-6ను పట్టుకొనిపోయి ఈ తోడుతో కలియును. అప్పుడు రక్తనాళముల లోపలి పొరలోని కణముల వంటివి కూడ ఆ వార్తను వినును, వాపు వ్యాపించును. దీనిని అదుపులో నుంచుటకు శరీరము జి.పి.130ను సైతము విడిగా రక్తములో నుంచినది. చిత్రమైన ఏర్పాటే!

టోసిలిజుమాబ్ కణముపైనున్న గ్రాహకమును, విడిగా తిరుగు గ్రాహకమును రెండింటిని కప్పివేయును. అయినను ఈ మందు నిచ్చిన పిదప రక్తపరీక్షలో విడి గ్రాహకపు మొత్తము తగ్గుటకు మారు పెరుగును. మందు పనిచేయలేదని విద్యార్థి తొందరపడవచ్చును. మందుతో బంధింపబడిన గ్రాహకము రక్తమునుండి మెల్లగా తొలగును గనుక అది పోగుపడును. కొలత బంధింపబడినదానిని కూడ లెక్కించును. అంకె పెరిగినను, వార్తను అందుకొనగల గ్రాహకము తగ్గియే యుండును.