కడుపునొప్పికి వంశమూ ఒక కారణమే

మా పాతబస్తీలో ఎవరికైనా ఏళ్ళ తరబడి కడుపునొప్పి ఉంటే మొదటి ప్రశ్న "తాగుతాడా?" అనే. శాలిబండలోని మా మేనమామ కల్లు రుచి కూడా ఎరుగడు. అయినా క్లోమగ్రంథిలో రాళ్ళున్నాయని ఎక్స్‌రేలో తేలిన నాటినుంచి ఆ ప్రశ్న ఆయన్ని వదలలేదు.

తాగుడుతో సంబంధం లేకుండా చిన్న వయసులోనే వచ్చి, తరచు షుగరును కూడా వెంట తెచ్చే ఈ జబ్బు పేరు ట్రాపికల్ కాల్సిఫిక్ పాంక్రియాటైటిస్. పోషకాహార లోపమనీ, కర్రపెండలమనీ చాలాకాలం కారణాలు చెప్పారు. కర్రపెండలం మన ఇళ్ళల్లో రోజూ ఎవరు తింటున్నారు చెప్పండి!

క్లోమంలో తయారయ్యే ట్రిప్సిన్ పేగులోకి చేరాకే మాంసకృత్తుల్ని అరిగించాలి. తొందరపడి క్లోమంలోనే మేల్కొంటే పుట్టినింటినే తినేస్తుంది. దాన్ని ఆపే కాపలాదారు స్పింక్-1 జన్యువు తయారుచేసే ప్రొటీను. ఆ ప్రొటీనులో 34వ అమైనో ఆమ్లం మారిపోవటం ఈ రోగుల్లో ఎక్కువని మన సి.సి.ఎం.బి.కి చెందిన గిరిరాజ్ చాందక్ బృందం 2002లో చూపింది. వంశపారంపర్యంగా వచ్చే క్లోమవ్యాధికి మూలమని 1996లో అమెరికాలో గుర్తించిన ట్రిప్సినోజెన్ జన్యుదోషం మాత్రం ఇక్కడ కారణంగా తేలలేదు.

అలాగని భయపడిపోనక్కరలేదు. స్పింక్-1 మార్పు ఆరోగ్యంగా ఉన్న కొందరిలోనూ ఉంటుంది. వేరే జన్యువులో, పరిసరాలో తోడైతేగాని జబ్బు రాదు. కనక రిపోర్టు చూసి పెళ్ళి సంబంధాలు చెడగొట్టుకోవటం తెలివితక్కువ. పరీక్షతో రాళ్ళేమీ కరగవు కూడా. వైద్యం పాతదే: నొప్పికి మందులు, భోజనంతో ఎంజైము గుళికలు, షుగరుంటే ఇన్సులిన్, మరీ తప్పకపోతే ఆపరేషన్.