మేనమామ చెయ్యి మంచిదే!

సినిమాల్లో అన్నప్రాసన సీను చూశారుగా? సన్నాయి మోగుతుంది. మేనమామ వెండి గిన్నెలోంచి పాయసం తీసి బాబు నోటికి అందిస్తాడు. అందరూ నవ్వుతారు. కట్! తర్వాతి సీన్లో ఆ బాబు పెద్దవాడై డ్యూయెట్ పాడుతుంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఏ డైరెక్టరూ చూపించడు. నేను చెబుతాను వినండి... ఎందుకంటే అలాంటి మేనమామను నేనే!

మా చెల్లెలి అత్తగారిల్లు జనగామ. మా ఇల్లు మహబూబాబాద్. బావ ఉద్యోగం భూపాలపల్లి సింగరేణి గనుల్లో. ఆరు నెలలు తల్లిపాలతో బొద్దుగా పెరిగిన మా అల్లుడికి జనగామలో నా చేత్తోనే పాయసం ముట్టించాను. సాయంత్రానికి నోటి చుట్టూ ఎర్రటి మచ్చలు!

"పోరనికి పాలు పడలే" అన్నారు చెల్లెలి అత్తగారు. ఆవిడ చూపు మాత్రం పాలగిన్నె మీద లేదు, నా చేతి మీద ఉంది! పాలు బంద్.

మహబూబాబాద్ వచ్చాక మా అమ్మ పప్పు కలిపి మెత్తగా అన్నం పెట్టింది. రెండో రోజుకు విరేచనాలు. పప్పు బంద్. భూపాలపల్లి వెళ్ళాక అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్డు ఉడికించి పెట్టారు. అరగంట తిరక్కుండా ఒళ్ళంతా దద్దుర్లు! గుడ్డు బంద్. పక్కింటావిడ సలహాతో పల్లీలూ, బాలామృతమూ బంద్. అందులో గోధుమలు, శనగపప్పు, పాలపొడి ఉంటాయి మరి! మిగిలింది తల్లిపాలు, ఉత్త గంజి.

తొమ్మిదో నెలలో అంగన్‌వాడీ టీచరు బరువు తూచి చార్టు చూపించింది. పైకి వెళ్ళాల్సిన గీత అడ్డంగా సాగింది. చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది. "అన్నా, వీనికి తిండే పగయిందా?"

అసలు దోషి ఎవరు?

వరంగల్‌లో పిల్లల డాక్టరుగారు మూడే ప్రశ్నలు వేశారు. ఏం తిన్నాడు? ఎంత తిన్నాడు? ఎంతసేపటికి వచ్చింది? గుడ్డు విషయంలో తప్ప మా దగ్గర జవాబు లేదు!

దద్దుర్లు, పెదవుల వాపు లాంటివి మామూలుగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే బయటపడతాయట. కొన్ని ఎలర్జీలు మాత్రం ఆలస్యంగా వాంతులు, విరేచనాలుగా వస్తాయి. అయితే నోటి చుట్టూ ఎరుపు తుడిచిన రాపిడికీ రావచ్చు. విరేచనాలు మంచినీళ్ళు శుభ్రంగా లేకపోయినా కావచ్చు. అంటే అనుమానం మీదే అందరికీ శిక్ష వేశామన్నమాట!

పాలు, గుడ్డు ఆస్పత్రిలోనే, డాక్టరు కళ్ళముందు కొంచెం కొంచెంగా పెట్టి చూశారు. పాలు నిర్దోషి! గుడ్డుకు మళ్ళీ దద్దుర్లు వచ్చాయి. మిగతావి ఇంట్లోనే, పగటిపూట, ఒక్కొక్కటిగా మొదలుపెట్టాం. ఒక కొత్త పదార్థం, మూడు రోజులు, నోటుపుస్తకంలో లెక్క. పప్పు, గోధుమ అన్నీ అరిగాయి. ఆపాల్సింది ఒక్క గుడ్డే. అదీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతుందట.

మరి పల్లీలో? 2015లో లండన్ పరిశోధకులు ఒక చిత్రమైన సంగతి ప్రకటించారు. తీవ్రమైన గజ్జి లాంటి ఎగ్జిమా గానీ, గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగంమందికి పల్లీలు పెట్టారు, సగంమందికి మాన్పించారు. ఐదేళ్ళు నిండేసరికి పల్లీ ఎలర్జీ మాన్పించినవాళ్ళలో నూటికి 17 మందికి, తిన్నవాళ్ళలో ముగ్గురికే! మావాడికీ డాక్టరుగారు చూసి సరేనన్నాకే జావలో మెత్తటి పల్లీపొడి కలిపాం. పల్లీగింజలు మాత్రం పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

ఒక్క మాట మరిచిపోకండి. తిన్నాక ఊపిరి అందకపోయినా, పెదవులు ఉబ్బినా, ఆగకుండా వాంతులైనా, బిడ్డ వాలిపోయినా నోటుపుస్తకం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు చార్టు గీత మళ్ళీ పైకి లేచింది. మొన్న జనగామ వెళితే చెల్లెలి అత్తగారు పాయసం గిన్నె తెచ్చి నా చేతిలోనే పెట్టారు.

"నువ్వే తినిపియ్యి బిడ్డా!"