ఐడీ ఏం చెప్పేస్తోంది?

మన హాల్ టికెట్ నంబరు ఒకసారి చూడండి. జేఎన్టీయూ పద్ధతిలో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడు, రెగ్యులరైతే 1ఏ, లేటరల్ ఎంట్రీ అయితే 5ఏ, ఆపైన బ్రాంచి, చివర్న వరుస సంఖ్య. ఆ చివరి రెండు స్థానాలూ 99తో నిండిపోతాయి. అందుకే నూరో విద్యార్థికి ఏ0 వస్తుంది. ఐడీలో అర్థం కుక్కితే ఇలాగే ఉంటుంది: చోటు చాలదు, చూసినవాళ్లకి మన జాతకం తెలిసిపోతుంది, పక్కవాడి నంబరు ఊహించడానికి బుర్రే అక్కర్లేదు.

మినీ ప్రాజెక్టులో టేబుల్ రాసేటప్పుడు చాలామందిమి ఆటో ఇంక్రిమెంట్ పెట్టేస్తాం. 1, 2, 3... చిన్నది, వేగమైనది, డీబగ్ చేసేటప్పుడు నోటితో చెప్పుకోవచ్చు. ఒక్క డేటాబేస్ ఉన్నంతకాలం వంక పెట్టలేం. కానీ ఆ నంబరు లింకులో కనిపించిందా, 41ని 42 చేసి చూసేవాడు ప్రతి హాస్టల్లోనూ ఒకడుంటాడు. సర్వర్ అనుమతి తనిఖీ చెయ్యకపోతే ఇంకొకరి ఫోన్ నంబరు వాడి స్క్రీన్ మీదుంటుంది. (ఐడీ ఎంత ఊహకందనిదైనా ఆ తనిఖీ మాత్రం మానకండి.)

యూయూఐడీ 128 బిట్లు. నాలుగో వెర్షన్లో అందులో 122 బిట్లు ర్యాండమ్. ఏ సర్వర్నీ అడక్కుండా, నెట్ లేకపోయినా, ఫోన్లోనే పుట్టించుకోవచ్చు. రెండు ఒకటే వస్తే? 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైమాటే. ఇక్కడ ఆ సగం అవకాశం రావాలంటే సుమారు 27 వేల కోట్ల కోట్ల ఐడీలు కావాలి. కాబట్టి ఆ దిగులు వద్దు.

అసలు ఇబ్బంది వేగంతో. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ రికార్డుల్ని ప్రైమరీ కీ క్రమంలోనే పేరుస్తుంది. ర్యాండమ్ కీ వస్తే కొత్త రికార్డు ఎక్కడో మధ్య పేజీలో దూరాలి, అది నిండి ఉంటే పేజీ చీలాలి. టేబుల్ పెద్దదయ్యేకొద్దీ ఇన్సర్ట్‌లు మందగిస్తాయి.

ట్విట్టర్ 2010లో స్నోఫ్లేక్ తెచ్చింది: 64 బిట్లలోనే సమయం, మిషన్ నంబరు, వరుస సంఖ్య. బాగుంటుంది గానీ ప్రతి మిషన్‌కీ వేరే నంబరు పంచే తలనొప్పి మన స్థాయికి అనవసరం.

నా ఓటు 2024లో ప్రమాణంగా వచ్చిన యూయూఐడీ ఏడో వెర్షన్‌కి. ముందు 48 బిట్లు మిల్లీసెకన్ల సమయం, మిగతాది దాదాపు అంతా ర్యాండమ్. కాబట్టి కొత్తవి చివర్నే చేరతాయి, ఊహించడమూ కష్టం.

ఒక్కచోట మాత్రం వద్దంటాను. పేర్లు లేని ఫ్యాకల్టీ ఫీడ్‌బ్యాక్ ఫారం రాస్తున్నారనుకోండి. టేబుల్లో సమయం కాలమ్ తీసేసినా, ఏడో వెర్షన్ ఐడీ ఆ సమయాన్ని మోసుకుని తిరుగుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో లాగిన్ సమయాలు పక్కన పెట్టుకుని చూస్తే ఎవరు ఏం రాశారో దొరికిపోవచ్చు. అక్కడ నాలుగో వెర్షనే వాడండి. కొన్ని వందల రికార్డులకి పేజీలు చీలితే చీలనివ్వండి.