హెపటైటిస్-సి: వైరస్ ఏ రకమో ప్రయోగశాల ఎలా తేలుస్తుంది?

హెపటైటిస్-సి ఉన్నట్టు తేలిన రోగికి తరచూ మరో పరీక్ష పేరు వినిపిస్తుంది. అదే జీనోటైప్ నిర్ధారణ. శరీరంలో వైరస్ ఉందా లేదా అనేది ఈ పరీక్ష చెప్పదు. ఉన్న వైరస్ ఏ జన్యురకానికి చెందిందో చెబుతుంది. ఒకప్పుడు చికిత్స ఎన్ని వారాలు సాగాలన్నది ఈ ఫలితంపైనే ఆధారపడేది. కొత్త మందుల రాకతో ఆ పరిస్థితి చాలావరకు మారింది. అయినా పరీక్ష అవసరం పూర్తిగా తొలగిపోలేదు.

ఇన్ని రకాలు ఎందుకు?

1989లో గుర్తించిన ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. అందులో సుమారు 9,600 న్యూక్లియోటైడ్లు ఒకే పోగుగా అమరి ఉంటాయి. ఈ పోగుకు నకళ్లు తీసే ఎంజైమ్‌కు తన పొరపాట్లను సరిదిద్దుకునే శక్తి లేదు. అలా మార్పులు పోగుపడుతూ, కాలక్రమంలో వైరస్ శాఖోపశాఖలుగా చీలింది. ఇప్పటివరకు ఎనిమిది జీనోటైప్‌లను శాస్త్రవేత్తలు గుర్తించారు. రెండు జీనోటైప్‌ల మధ్య న్యూక్లియోటైడ్ల వరుసలో దాదాపు 30 శాతం, అంతకు మించి తేడా ఉంటుంది. ఒకే జీనోటైప్‌లోని 1ఎ, 1బి వంటి ఉపరకాల మధ్య ఈ తేడా 15 శాతానికి పైగా ఉంటుంది. భారత్‌లో మూడో రకం అధికం. ఆ తర్వాతి స్థానం ఒకటో రకానిది. ఎనిమిదో రకాన్ని 2018లో కెనడా పరిశోధకులు వెల్లడించారు. అది కనిపించిన నలుగురు రోగుల మూలాలు మన పంజాబ్‌లోనే ఉండటం గమనార్హం.

ఏ భాగాన్ని చదవాలి?

ముందుగా రక్తం నుంచి ప్లాస్మాను లేదా సీరంను వేరుచేసి, అందులోని ఆర్‌ఎన్‌ఏను వెలికితీస్తారు. దానిని డీఎన్‌ఏ నకలుగా మార్చి, పీసీఆర్ పద్ధతిలో కోట్ల రెట్లు పెంచుతారు. నమూనాను సకాలంలో వేరుచేయకపోయినా, సరైన చల్లదనంలో ఉంచకపోయినా ఆర్‌ఎన్‌ఏ నశిస్తుంది. రక్తంలో వైరస్ పరిమాణం మరీ తక్కువగా ఉంటే రకం తేలకపోవచ్చు.

తర్వాతి ప్రశ్న ఏ భాగాన్ని పరిశీలించాలన్నది. ఆర్‌ఎన్‌ఏ ఆరంభంలో, ప్రోటీన్‌గా మారని ఒక భాగం ఉంది. దానిని 5' యూటీఆర్ అంటారు. అన్ని రకాల్లోనూ అది దాదాపు ఒకేలా ఉంటుంది కనుక వైరస్‌ను పట్టుకోవడానికి అనువైనది. కానీ ఆ పోలికే రకాలను వేరుచేయడానికి అడ్డంకి. ఆగ్నేయాసియాలో కనిపించే ఆరో రకంలోని కొన్ని ఉపరకాలకు ఈ భాగం అచ్చం ఒకటో రకంలాగే ఉంటుంది. ఈ ఒక్క భాగాన్నే నమ్ముకున్న పరీక్ష వాటిని ఒకటో రకంగా పొరబడుతుంది. అందుకే కోర్, ఎన్‌ఎస్5బి అనే జన్యుభాగాలను కూడా చదవడం మేలు.

ప్రధాన పద్ధతులు

జన్యుభాగాన్ని అక్షరం అక్షరంగా చదివి, తెలిసిన వరుసలతో పోల్చే సీక్వెన్సింగ్‌ను ప్రామాణిక పద్ధతిగా పరిగణిస్తారు. ఉపరకాన్నీ ఇది కచ్చితంగా చెప్పగలదు. అయితే నిపుణులు, సమయం, ఖర్చు అవసరం.

లైన్ ప్రోబ్ పద్ధతిలో ఒక సన్నని పట్టీపై ఒక్కో రకానికి సరిపోలే చిన్న డీఎన్‌ఏ తునకలను గీతలుగా అతికిస్తారు. రోగి నమూనాలోని డీఎన్‌ఏ తనకు సరిజోడైన తునకకు అంటుకున్నచోట రంగు తేలుతుంది. ఏయే గీతలు వచ్చాయో చూసి రకం నిర్ణయిస్తారు.

రియల్ టైమ్ పీసీఆర్‌లో ఈ సరిపోలికను కాంతి సంకేతంగా యంత్రమే నమోదు చేస్తుంది. ఫలితం త్వరగా వస్తుంది, కానీ యంత్రానికి ముందే తెలిపిన రకాలనే అది గుర్తించగలదు.

రక్తంలోని యాంటీబాడీల ఆధారంగా రకాన్ని చెప్పే సీరోటైపింగ్ చౌక. అయితే ఉపరకాన్ని చెప్పలేదు. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో విఫలం కావచ్చు.

నెక్స్ట్ జనరేషన్ సీక్వెన్సింగ్ ఒకే నమూనాలోని వేలాది జన్యుతునకలను విడివిడిగా చదువుతుంది. ఒకే వ్యక్తిలో రెండు రకాలు కలిసి ఉన్నా బయటపెడుతుంది. రెండు రకాల జన్యుభాగాలు అతుక్కుని ఏర్పడిన సంకర వైరస్‌లూ ఉన్నాయి. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కనుగొన్న 2కె/1బి అలాంటిదే. దాని ఆరంభ భాగం చదివితే రెండో రకం, చివరి భాగం చదివితే ఒకటో రకం అని వస్తుంది.

చికిత్సకు ఈ ఫలితం ఎంత అవసరం?

ఇంటర్ఫెరాన్, రైబావిరిన్ కాలంలో ఒకటో రకానికి సాధారణంగా 48 వారాలు, రెండు, మూడు రకాలకు 24 వారాలు చికిత్స ఇచ్చేవారు. రకం తప్పుగా నమోదైతే రోగికి మందు చాలకపోవచ్చు, లేదా అనవసరంగా నెలల తరబడి దుష్ప్రభావాలు భరించవలసి రావచ్చు. అన్ని ప్రధాన రకాలపైనా పనిచేసే సోఫోస్బువిర్-వెల్పటాస్విర్ వంటి మందులు వచ్చాక, ఎక్కువమంది రోగులకు 12 వారాల కోర్సు సరిపోతోంది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం పరీక్షలను, మందులను ఉచితంగా అందిస్తోంది. ఇందులో చికిత్స మొదలుపెట్టేందుకు జీనోటైప్ నిర్ధారణ తప్పనిసరి కాదు.

అయినా కొన్ని సందర్భాల్లో ఇది అక్కరకు వస్తుంది. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చినవారిలో మూడో రకాన్ని లొంగదీయడం కాస్త కష్టం. నయమైన తర్వాత వైరస్ మళ్లీ కనిపిస్తే, పాతదే తిరగబెట్టిందా, కొత్తగా సోకిందా అన్నది తేల్చాలి. రకం మారితే అది కొత్త వైరస్ అన్నమాట. రకం అదే అయితే వరుసలను మరింత సూక్ష్మంగా పోల్చవలసి ఉంటుంది. ఒకే చోట పలువురికి వ్యాధి సోకినప్పుడు మూలాన్ని వెతకడానికీ ఇదే పోలిక దారి చూపుతుంది.

రోగి గుర్తుంచుకోవలసింది ఒకటుంది. యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వస్తే వైరస్ ఇంకా ఉందో లేదో తేల్చే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తప్పనిసరి. వైరస్ ఉందని అది తేల్చాక, వైద్యులు ప్రత్యేకంగా కోరితే తప్ప, జీనోటైప్ నివేదిక కోసం ఎదురుచూస్తూ చికిత్సను వాయిదా వేయనక్కర్లేదు. ఆలస్యమయ్యే కొద్దీ నష్టపోయేది కాలేయమే.