ఒకే నీరు, నాలుగుసార్లు కరెంటు

జయపురం, కోరాపుట్, మల్కన్‌గిరి ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువారికి మాచ్‌ఖండ్ పేరు కొత్త కాదు. అయితే అక్కడ కరెంటు ఎలా పుడుతుందని పిల్లలను అడిగితే, చాలామంది "నీళ్లలోంచి తీస్తారు" అంటారు. నిజానికి కరెంటు నీళ్లలో ఉండదు. ఎత్తు నుంచి పడే నీటి బలంలో ఉంటుంది.

మిద్దె మీద తొట్టి ఉందనుకోండి. కింది అంతస్తు కొళాయిలో నీళ్లు జోరుగా వస్తాయి, పై అంతస్తులో నెమ్మదిగా వస్తాయి. తొట్టి ఒకటే, తేడా ఎత్తులో ఉంది. జలవిద్యుత్తుకు రెండు కావాలి: నీరు, ఎత్తు. డుడుమ జలపాతం దగ్గర నది సుమారు 175 మీటర్ల లోతుకు దూకుతుంది. ఆ ఎత్తును వాడుకుని, పెద్ద గొట్టాల గుండా నీటిని లోయలోని విద్యుత్ కేంద్రానికి దింపుతారు. ఆ వేగానికి టర్బైను తిరుగుతుంది, దానితోపాటు జనరేటరు తిరిగి కరెంటు పుడుతుంది. 1955లో మొదలైన ఈ కేంద్రం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి సొత్తు. ఆరు యూనిట్లు కలిపి 114.75 మెగావాట్లు.

మరి జలాశయం ఎందుకు? వాన నాలుగు నెలలే, దీపం మాత్రం పన్నెండు నెలలూ వెలగాలి. అందుకే ఎగువన జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి సుమారు 34 టీఎంసీల నీరు నిలిపారు. ధాన్యం గాదెలో దాచి ఏడాదంతా తిన్నట్టే ఇదీను.

పని చేసిన నీరు ఖర్చయిపోదు. దిగువన బలిమెల జలాశయానికి చేరుతుంది. అక్కడ రెండు రాష్ట్రాలకూ చెరి సగం. ఒడిశా వాటా బలిమెల కేంద్రంలో టర్బైన్లు తిప్పి, పొట్టేరు కాలువల ద్వారా పొలాలకు వెళ్తుంది. ఆంధ్ర వాటా సీలేరు పేరుతో సాగి ఎగువ సీలేరులో, డొంకరాయిలో, పొల్లూరు దగ్గర దిగువ సీలేరులో కరెంటు ఇస్తుంది. మాచ్‌ఖండ్‌తో కలిపి లెక్కిస్తే నాలుగుసార్లు. ఆ తర్వాత శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరి చేరుతుంది.

ఇంత లాభం ఊరికే రాలేదు. గాదె కట్టాలంటే చోటు కావాలి కదా! ఆ చోటు కొండవాళ్ల పొలాలు, పల్లెలు. బలిమెల నీరు నిండాక చిత్రకొండ అవతల 151 గ్రామాలకు దారి తెగిపోయింది. మునగని ఊళ్లు కూడా మూడు వైపులా నీళ్లు, ఒక వైపు కొండల మధ్య చిక్కుకున్నాయి. సంతకు పోవాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా లాంచీయో నాటుపడవో దిక్కు. గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరుచుకునేదాకా వాళ్ల బతుకు అలాగే సాగింది. వంతెన పొడవు 910 మీటర్లు. ఆ కాస్త దూరం దాటడానికి దాదాపు రెండు తరాలు ఎదురుచూశాయి.

కనుక ఆనకట్ట లెక్క వేసేటప్పుడు మెగావాట్లు ఒక్కటే రాస్తే లెక్క సగమే అవుతుంది. ఎంత నేల మునిగింది, ఎవరి దారి తెగింది, ఆ దారి తిరిగి ఎన్నాళ్లకు వచ్చింది అనేవి కూడా పక్కనే రాయాలి. మీ పిల్లలు భూగోళం పుస్తకంలో ఈ నది గీత మీద వేలు పెట్టినప్పుడు, కరెంటు కేంద్రాలతో పాటు ఆ ఊళ్లను కూడా చూపించండి.