చిటికెడు పసుపు, చిక్కని రంగు

మాది కోరుట్ల పక్క పల్లె. పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, కొమ్ములకు మెరుగుపెట్టే ఇంట్లో పెరిగి, ఇప్పుడు జగిత్యాలలో పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. "మేడం, నీళ్లల్ల పసుపు కలిపితే అడుగుకెందుకు దిగుతది?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. నూనెలో కొంత కరుగుతుంది. సిరిసిల్లలో మా అత్తమ్మ సల్లచారుకు పసుపును పోపు నూనెలోనే వేస్తుంది. రంగు పట్టిన ఆ నూనె సన్నని బొట్లుగా సల్లంతా పరుచుకుంటుంది. అందుకే చిటికెడు పసుపే నిండుగా కనిపిస్తుంది.

పానీయాల కంపెనీలు చేసేదీ ఇలాంటిదే. కర్కుమిన్‌ను నూనెలో కరిగించి, నూనెను, నీళ్లను విడిపోకుండా ఉంచే పాలిసార్బేట్ లాంటి ఎమల్సిఫయర్ కలిపి, గట్టి ఒత్తిడితో నూనెను నీళ్లలో బొట్లుగా చిదుపుతారు. ఇదే ఎమల్షన్. కర్కుమిన్ నూనెలో పూర్తిగా కరగకుండా పలుకులుగా మిగిలితే వేసిన రంగులో కొంత వృథా. బొట్టు పరిమాణం ఇంకా ముఖ్యం. పాలలోని వెన్నబొట్లలా పెద్దవైతే వెలుతురును చెదరగొట్టి రంగును తెల్లబరుస్తాయి. 100 నానోమీటర్ల లోపుకు దిగితే చెదరడం బాగా తగ్గి రంగు చిక్కబడుతుంది. పులుపులో ఈ పసుపుదనం నిలుస్తుంది. సున్నం తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది.

2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. కొమ్ములు అమ్ముకోవడంతోనే మన రైతు ఆగిపోకూడదు. రంగు తీసి ఎమల్షన్‌గా మార్చే యూనిట్లు జగిత్యాల, కోరుట్లలోనే పెట్టించాలని బోర్డును గట్టిగా కోరుతున్నాను.