పోపులపెట్టె వైద్యం ఎంతవరకు?

"కడుపులో ఏదోలా ఉందే" అని ఇంట్లో ఎవరైనా అన్నారో లేదో, మన చెయ్యి పోపులపెట్టె మీదికి పోతుంది. వాము, జీలకర్ర, శొంఠి ఉన్న ఇంట్లో సగం వైద్యం ఉన్నట్టే అనేవారు మా అత్తగారు. నిజమే. అయితే మిగిలిన సగం సంగతి నాకు ఒక ఎండాకాలంలో తెలిసొచ్చింది.

మాది ఆమదాలవలస. అప్పుడు మా రెండోవాడికి మూడేళ్ళు. పొద్దున్నుంచి నీళ్ళ విరేచనాలు. పొరుగింటి పెద్దమ్మ వచ్చి, "గుంటడికి నీళ్ళు పట్టకే అమ్మా, తాగితే ఇంకా ఎక్కువవుతాది" అంది. పెద్దావిడ, మన మంచికే చెప్పింది. నేనూ అలాగే చేశాను. మధ్యాహ్నానికి వాడి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పిడచకట్టింది, ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు. పరుగున ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరమ్మ అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు: "ఒంట్లో నీరు పోవడమే ప్రమాదమమ్మా. పోయినంత నీరూ తిరిగి పట్టించాలి."

నీళ్ళు ఆపకండి

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షలాదిమంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి! ఇవాళ మనం వాడే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఆ అనుభవం ఉంది.

పొట్లం ఇంట్లో ఉంచుకోండి. దానిమీద రాసిన కొలతకే నీళ్ళు పొయ్యండి. అది లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి సుమా! ఉప్పెక్కువైతే హాని. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ చెంచా చెంచాగా పట్టండి. ఉప్పు వేసిన గంజి, పలచని మజ్జిగ కూడా మంచివే. తిండి మాన్పించకండి. మెత్తగా ఉడికించిన అన్నం, పెసరకట్టు, అరటిపండు పెట్టండి. పాలు తాగే బిడ్డకి తల్లిపాలు ఆపనే కూడదు. డాక్టరు జింకు మాత్రలు రాస్తే, విరేచనాలు తగ్గినా సరే, చెప్పినన్ని రోజులూ వెయ్యాలి.

అజీర్తికి, ఉబ్బరానికి

పెళ్ళిభోజనం అరగకపోతే పావు చెంచా వాము, చిటికెడు ఉప్పు నమిలి గోరువెచ్చని నీళ్ళు తాగితే హాయిగా ఉంటుంది. వేయించిన జీలకర్ర పొడి, దంచిన అల్లం, కరివేపాకు వేసిన పలచని మజ్జిగ ఎండాకాలానికి మరీ మంచిది. గుండెల్లో మంట ఉన్నవారు మాత్రం వాము, శొంఠి జోలికి పోకపోవడమే మేలు. ఘాటు వల్ల మంట పెరగొచ్చు. రాత్రి భోజనం తగ్గించి, తిన్నాక రెండు మూడు గంటలదాకా పడుకోకుండా ఉంటే సగం బాధ తగ్గుతుంది.

మలబద్ధకానికి

ఊరి పేరులోనే ఆముదం వినిపిస్తుంది కదా అని మేం నవ్వుకుంటాం గానీ, ఏ నొప్పికైనా ఆముదం పట్టేసే అలవాటు మానాలి. ఆ నొప్పి అపెండిసైటిస్‌ది అయితే ప్రాణం మీదికొస్తుంది. పసిపిల్లలకి పడితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మందుకంటే మన చోడి అంబలే నయం. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి పులియనివ్వండి. మర్నాడు నూకలు ఉడికాక అందులో పోసి, కలుపుతూ కాచి దించండి. చల్లారాక మజ్జిగ కలిపి ఉల్లిపాయ నంజుకుంటే ఎంత రుచి! 100 గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. మరపట్టిన తెల్లబియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. పీచు పనిచెయ్యాలంటే నీళ్ళు కూడా బాగా తాగాలి.

మన సంగతి

అందరూ తిన్నాక ఏ మూడింటికో కూర్చుని, పారెయ్యలేక మిగిలిందంతా తినేది మనమే. పొద్దుట టీతో సరిపెట్టి, మధ్యాహ్నం ఒక్కసారే కడుపునిండా తింటే గ్యాసు రాక ఏమవుతుంది? వేళకి తినడం కూడా ఇంటిపనే అనుకోండి!

ఇంకో మాట. ఛాతీ బరువు, చెమటలు, దవడకో చేతికో నొప్పి పాకడం ఉంటే "గ్యాసేలే" అని సోడా తాగి పడుకోకండి. అది గుండెపోటు కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. విరేచనంలో రక్తం, నల్లని విరేచనం, ఆగని వాంతులు, తగ్గని కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, బిడ్డ మత్తుగా పడుండడం - వీటికీ పోపులపెట్టెలో మందు లేదు.

మావాడిప్పుడు నాకంటే పొడుగు. ఆ పెద్దమ్మ మాత్రం వీధిలో ఏ పిల్లకి విరేచనాలైనా అందరికంటే ముందు గంజి గిన్నె పట్టుకుని వెళుతుంది. "ముందు నీళ్ళు పట్టండర్రా!" అంటుంది.